హమ్ రాని పెట్టె

మేడ మీది గది
ఆదివారం

పిచ్చుకా,

ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచీ రాయమన్నావు. ఫోన్లో నేను "ఊ", "ఆ" తప్ప ఇంకేమీ అనడం లేదని కోప్పడ్డావు. నిజమే. రాయడమే నయం.

మీ అక్క ఆ రోజు నాకంటే ముందు లేచింది. కాఫీ కలిపి, నా కప్పు మీద మూత పెట్టి, మా ఊరి హాలుకి వెళ్ళింది. మధ్యాహ్నం నుంచి పాటల కార్యక్రమం. మామూలుగానే సౌండు ఆమెది. భోజనానికి ఇంటికి వచ్చింది. "ఇవాళ స్పీకర్లలో ఆ గుయ్‌మనే హమ్ లేదు తెలుసా" అంది. "మంచిదే" అన్నాను. బల్ల మీద బోర్డు కొలుస్తున్నాను, మీటరు మీద ఉన్న చూపు తిప్పలేదు.

కార్యక్రమం బాగా జరిగిందట. పొద్దుగూకే వేళకి జనం వెళ్ళిపోయారు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో పెద్దవాడు, అందరూ పొడుగు అంటారే, అతను వెనకాల మెయిన్ స్విచ్ ఆపడానికి వెళ్ళాడు. మీ అక్క, మైకుల సౌండు కలిపే మిక్సరు నుంచి ఆంప్లిఫైయరుకి పోయే కేబుళ్ళు పీకి, చుట్టి పెట్టింది. స్టేజి దిగుతూ ఒక చేత్తో మెట్ల ఇనుప కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి పక్కనే ఉన్న మిక్సరు మీద వేసింది. "ఒరే" అని పిలిచిందట. అతను "వస్తున్నా టీచర్" అని మెయిన్ ఆపేశాడు. లైట్లు ఆరడం, ఆమె పడటం ఒకేసారి. టార్చి తెచ్చి చూసేసరికి కూర్చున్నట్టే పడి ఉంది.

డాక్టరు గుండె బలహీనమై ఆగిందన్నాడు. కుడిచేతి వేలి మీద కాలిన మచ్చ చూపించాను. "ఆవిడ సోల్డరింగ్ చేస్తారు కదండీ" అన్నాడు. నిజమే. ఆమె వేళ్ళకి అలాంటి మచ్చలు ఎప్పుడూ ఉండేవి.

అంతే. ఇంతకంటే తెలియదు.

తన మిక్సరు నీ హాలుకి ఇస్తానని నీకు మాటిచ్చింది. అట్టపెట్టెలో గట్టిగా కట్టి లారీ సర్వీసులో వేశాను. కొంచెం హమ్ వస్తుంది. తప్పు అందులో నేను చేసిపెట్టిన ఇన్‌పుట్ బోర్డుది. కొత్తది చేస్తున్నాను.

బావ


హాలు, టికెట్ల కిటికీ వెనక
గురువారం

బావగారూ,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కరెంటాఫీసు వాళ్ళు మీటరు రీడింగు రాసినట్టు రాశారు. అయినా మీరు అలా రాస్తేనే నాకు నమ్మకం. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుని రాసి ఉంటే సగంలో మడిచేసేదాన్ని. కాలు విరగ్గొట్టుకుని మంచంలో పడి ఉండి, చివరిచూపుకి రాలేకపోయినదాన్ని. అందుకే అడిగాను. ఇంకెప్పుడూ అడగను.

పెట్టె వచ్చింది. లారీవాడు గుమ్మంలో దించి, "ఏంటమ్మా, ఇనప్పెట్టెనా, బంగారమా?" అన్నాడు. మా అమ్మాయి బయటికి వచ్చి, అట్ట విప్పి, దాన్ని కావలించుకుని కూర్చుంది. లోపల అక్క చేతిరుమాలు దొరికింది. మా ఆయన "సౌండు పెట్టెకి రుమాలెందుకు?" అన్నాడు. "నీ బుర్రకి తలకాయ ఎందుకు? అలాగే" అన్నాను. తరవాత లోపలికి పోయి ఏడ్చాను.

అమ్మాయి పాట మానదట, సౌండు కూడా నేర్చుకుంటుందట. పెద్దమ్మ లాగా అవుతుందట. "బ్యాలన్స్‌డ్ లైన్ అంటే ఏంటమ్మా?" అని పొద్దున్నుంచి నా ప్రాణం తీస్తోంది. నాకు తెలిసిన బ్యాలన్స్ బియ్యం కొట్లో తక్కెడ ఒకటే. పెదనాన్ననే అడగవే అన్నాను. దాని కోసం నాలుగు ముక్కలు రాయండి, పుణ్యముంటుంది.

తింటున్నారా? "ఊ" అనకండి. ఏం తిన్నారో రాయండి.

పిచ్చుక


మేడ మీది గది
మంగళవారం

పిచ్చుకా,

తింటున్నాను. ఎదురింటి మేస్త్రీ భార్య క్యారేజీ పంపుతోంది. వద్దంటే వినదు.

అమ్మాయికి చెప్పు. ఒకే పాటని రెండు తీగలు మోస్తాయి. ఒకటి ఉన్నది ఉన్నట్టు, రెండోది తలకిందులుగా. దారిలో కరెంటు వైర్ల నుంచి, ఫ్యాన్ల నుంచి పడే చెత్త రెండింటి మీదా ఒకేలా పడుతుంది. చివర్లో నా బోర్డు ఉంటుంది. అది ఒక తీగలోంచి రెండోదాన్ని తీసివేస్తుంది. రెండింటిలో సమానంగా ఉన్న చెత్త పోతుంది. పాట రెట్టింపవుతుంది.

చెప్పడానికి ఇంతే. చెయ్యడంలో చిక్కంతా ఆ "ఒకేలా" దగ్గర ఉంది. బోర్డులో నాలుగు రెసిస్టర్లు కవలల్లా ఉండాలి. కొట్లో దొరికేవి అన్నదమ్ముల్లా ఉంటాయి, కవలల్లా ఉండవు. సంచెడు తెచ్చి ఒక్కొక్కటీ కొలిచి జత చేస్తున్నాను. వేళ్ళ వేడికే వాటి విలువ మారిపోతుంది. క్లిప్పుకి తగిలించి, చెయ్యి తీసేసి, చల్లారేదాకా చూడాలి. "దానికీ కోపం దిగాలా? ఇంట్లో ఒక్కరు చాలరూ" అనేది మీ అక్క.

ఇంకొకటి. కేబులు పైన అల్లిన తీగని షీల్డ్ అంటారు. అది వచ్చీ రాగానే పెట్టె ఇనుప ఒంటికి తగలాలి. పాత బోర్డుల్లో దాన్ని లోపలి సర్క్యూట్ దాకా తెచ్చాను. అప్పుడు అందరం అలాగే చేసేవాళ్ళం. మిక్సరు ఒక గోడ ప్లగ్గులో, ఆంప్లిఫైయరు ఇంకో గోడ ప్లగ్గులో ఉంటే, రెండింటి ఎర్తు తీగల మధ్యా ఊరికే తిరిగే కరెంటు ఒకటి ఉంటుంది. అది షీల్డు పట్టుకుని లోపలికి దూరి గుయ్‌మంటుంది. హమ్ అంటే అదే. ఈ చుట్టుపక్కల హాళ్ళన్నిట్లో ఉన్నవి నా బోర్డులే కాబట్టి ఆ తిట్లన్నీ నావే.

మీ హాల్లోనూ వస్తుంది. కంగారు పడకండి. రెండు నెలల్లో కొత్త బోర్డు పంపిస్తాను.

బావ


హాలు ఆఫీసు గది
శనివారం, వాన

బావగారూ,

కవలలూ అన్నదమ్ములూ అన్నది మా అమ్మాయికి తెగ నచ్చింది. నన్నూ అక్కనీ కొలిస్తే ఎంత తేడా వస్తుందో పెదనాన్ననే అడగమంది. నేనే చెప్పాను, "తేడా ఎంతైనా, ఇద్దరి మీదా పడ్డ చెత్త ఒకటేనే" అని. పుట్టింటి సంగతి మీకు తెలియనిదేముంది.

మీరు మరీ వినయం పోయారు బావగారూ. హమ్ వస్తుందని భయపెట్టారు. ఎక్కడ? చెవి పెట్టి విన్నాం. సూది పడితే వినిపిస్తుంది. ఈ భవనంలో గుయ్‌మననిది ఆ ఒక్క పెట్టే. ఫ్యాన్లు గుయ్‌మంటాయి, నీళ్ళ మోటారు గుయ్‌మంటుంది, మా ఆయన కుర్చీలో కునుకు తీసినా గుయ్‌మంటాడు. నిన్న పిల్లల నాటకం ఆడాం. చివరి వరసలో ముసలాయన లేచి, "ఈసారి మాటలు వినబడ్డాయమ్మా" అని చెయ్యెత్తి చెప్పి వెళ్ళాడు. అక్క వింటే ఎగిరి గంతేసేది.

హమ్ అంటే గుర్తొచ్చింది. దాని గురించి అక్క ఒకసారి ఫోన్లో నవ్వుతూ ఒక మాట చెప్పింది. మీకు చెప్పొద్దంది. కాబట్టి చెప్పను. మీరు బతిమాలితే ఎప్పుడైనా చూస్తాను.

నాటకం అయ్యాక అమ్మాయే కేబుళ్ళన్నీ పీకి సర్దింది. సర్దుతూ సర్దుతూ చెయ్యి వెనక్కి లాక్కుంది. "అమ్మా, పెద్దమ్మ పెట్టె నన్ను గిల్లిందే" అంది. చూస్తే చెప్పుల్లేకుండా తడినేల మీద నిలబడి ఉంది. చెప్పులేసుకోవే, చిమచిమ అదే పోతుంది అన్నాను. వారం నుంచి ఒకటే వాన. గోడలు చెమ్మగిల్లి ఏది ముట్టుకున్నా జిల్లుమంటోంది.

మీ దగ్గర ఎలా ఉంది?

పిచ్చుక


మేడ మీది గది
మంగళవారం

పిచ్చుకా,

మధ్యాహ్నం ఫోన్ చేసి పెట్టె ప్లగ్గు పీకెయ్యమని అరిచాను. పీకానని చెప్పగానే పెట్టేశాను. భయపెట్టినందుకు ఏమీ అనుకోకు. ఫోన్లో చెప్పగలిగేది కాదు.

నువ్వు రాసినదాంట్లో నన్ను ఆపేసింది గిల్లడం కాదు. ముందు, హమ్ లేదన్న మాట.

ఆ పెట్టెలో ఉన్నది నా పాత బోర్డు. అందులో హమ్ రాకుండా ఉండదు. హాలు మారినా వస్తుంది, వాతావరణం మారినా వస్తుంది. అది రాలేదంటే బోర్డు బాగుపడి కాదు. ఎర్తు తీగ తెగి.

ఊహ మీద రాయకూడదని చేసి చూశాను. మిగిలిన పాత బోర్డు ఒకటి బల్ల మీద పెట్టి, రెండు ప్లగ్గుల్లో పెట్టి, కేబులు కలిపాను. గుయ్‌మంది. ఎర్తుకి పోయే పచ్చతీగ విప్పాను. ఆగిపోయింది. అంత శుభ్రమైన నిశ్శబ్దం నా బోర్డులోంచి నేనెప్పుడూ వినలేదు.

ఇది జాగ్రత్తగా చదువు. పెట్టె లోపల కరెంటు ఎక్కడైనా కారి ఇనుప ఒంటికి తగిలితే, పచ్చతీగ దాన్ని నేలలోకి పంపుతుంది. ఆ తీగ లేకపోయినా, ఆంప్లిఫైయరుకి కేబులు తగిలించి ఉన్నంతసేపు ఏమీ తెలియదు. షీల్డు ద్వారా దాని ఎర్తుని అరువు తెచ్చుకుంటుంది. కేబులు పీకారా, ఇక దానికి దిక్కులేదు. అప్పుడు దాన్ని ముట్టుకున్న మనిషే ఎర్తు. మీ అమ్మాయి కేబుళ్ళు పీకాకే గిల్లింది. మీ అక్క కేబుళ్ళు పీకాకే చెయ్యి వేసింది. రెండో చెయ్యి ఇనుప కమ్మీ మీద ఉంది.

ఆ పెట్టె లోపలి ట్రాన్స్‌ఫార్మరు పాతది. గంటల తరబడి వేడెక్కితే కారుతుంది, చెమ్మకి ఇంకా కారుతుంది. ఆ రోజు మధ్యాహ్నమంతా నడిచింది. మీ దగ్గర ఒక్క నాటకమే కాబట్టి గిల్లి వదిలేసింది.

వేలి మీది మచ్చ. సోల్డరింగ్ ఐరన్ ఆ వారమంతా నా బల్ల మీద ఉంది. ఆమె దాన్ని పట్టుకోనేలేదు. ఆ సంగతి ఇవాళ గుర్తొచ్చింది.

ఎవరైనా ఎలక్ట్రీషియన్ని పిలిచి పెట్టె వెనక పలక విప్పించు. కరెంటు వైరు లోపలికి వచ్చే చోట మూడు తీగలు ఉంటాయి. పచ్చది ఎక్కడ ఉందో చూసి రాయి. నువ్వు విప్పకు. అమ్మాయిని దగ్గరికి రానివ్వకు.

మీ అక్క ఫోన్లో ఏం చెప్పిందో అది కూడా రాయి. బతిమాలుతున్నాను.

బావ


ఇల్లు
శుక్రవారం

బావగారూ,

ఎలక్ట్రీషియన్ విప్పాడు. పచ్చతీగ కత్తిరించి ఉంది. కొస వెనక్కి మడిచి, నల్లటేపు చుట్టి, టేపు మీద తెల్లదారం మూడు చుట్లు తిప్పి ముడేసి ఉంది. "తెలిసినవాళ్ళే చేశారమ్మా. తెలియనివాళ్ళకి ఇంత నీటుగా రాదు" అన్నాడు.

ఆ ముడి మీకూ తెలుసు, నాకూ తెలుసు. చిన్నప్పుడు నా జడ రిబ్బనుకి వేసేది. కేబుళ్ళన్నిటికీ వేసేది.

అక్క చెప్పింది ఇది. పోవడానికి వారం ముందు. "ఒసే పిచ్చుకా, హమ్ చంపేశానే" అంది. ఎలాగే అన్నాను. "చిన్న చిట్కా. ఒక తీగ కట్ చేస్తే చాలు. మీ బావగారికి చెప్పకు. హమ్ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆయన బోర్డుని తిడుతున్నారు. ఆయన అన్నం మానేసి మీటరు పట్టుకుని కూర్చుంటున్నాడు. కొత్త బోర్డు రాగానే నేనే మళ్ళీ కలిపేస్తాలే, ఆయనకి తెలిసే పనే లేదు" అంది. "ప్రమాదమేమీ లేదు కదే?" అని అడిగాను. "ఇన్నేళ్ళ పనే ఇది, నాకు తెలియదా?" అంది. తరవాత, "మా పిల్లలందరికీ నేర్పాను. ఇప్పుడు ఏ హాల్లోనూ ఆయన పేరు ఎత్తి తిట్టేవాడు లేడు" అని నవ్వింది.

ఆ నవ్వు గుర్తు పెట్టుకుని దాచుకున్నాను ఇన్నాళ్ళూ.

అమ్మాయి రెండు రోజుల నుంచి చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చుంటోంది. దాన్ని తిట్టి చెప్పులేసుకోమన్నాను కదా. ఇంకొక్క వారం నాటకాలు ఉండి ఉంటే.

ఒక్కటే అడుగుతున్నాను. పై ఆదివారం మీ హాల్లో అక్క పేరు మీద సభ పెట్టారు. ఆమె శిష్యులే అంతా చూసుకుంటున్నారు. అమ్మాయి పాడుతోంది. శనివారం సాయంత్రం బస్సుకి వద్దామనుకున్నాం. అక్కడి పెట్టెలన్నీ మీరు ముందే చూసి సరిచెయ్యండి. కానీ ఎందుకో ఎవరికీ చెప్పకండి. అక్క తప్పు తనే చేసుకుని పోయిందని పదిమంది నోళ్ళలో పడొద్దు. కాగితం మీద గుండె అని ఉంది. గుండె అనే ఉండనివ్వండి.

పిచ్చుక


మేడ మీది గది
బుధవారం

పిచ్చుకా,

నువ్వు అడిగినట్టే మొదలుపెట్టాను. ఏం జరిగిందో చెబుతాను.

మొన్న శనివారం హాలుకి వెళ్ళాను. మేనేజరు కాఫీ తెప్పించాడు. పెట్టెలు ఒకసారి చూస్తానన్నాను. "ఇప్పుడేం హమ్ లేదు కదండీ, బంగారంలా పాడుతున్నాయి. సభ ముందు కెలకడం ఎందుకు?" అన్నాడు. నా బోర్డులు నేను చూసుకుంటానంటే కాదనలేకపోయాడు.

ఆమె పోయాక వాళ్ళు వాడుతున్న మిక్సరు విప్పాను. పచ్చతీగ, నల్లటేపు, తెల్లదారం. ముడి అచ్చం ఆమె వేసినట్టే ఉంది, చెయ్యి మాత్రం వేరు. స్టేజి పక్క స్పీకర్లకిచ్చే రెండో ఆంప్లిఫైయరులోనూ అంతే. అంటే సభలో ఏడెనిమిది మంది చేతుల్లో మైకులుంటాయి. వాళ్ళందరికీ ఆధారం ఒక్క కేబులు షీల్డు. దాన్ని ఎవరైనా తొక్కి తెంపినా, పీకి మార్చినా, ఆధారం పోతుంది.

ఎవరికీ చెప్పకుండా రెండు తీగలూ కలిపాను. మైకు పెట్టి చూశాను. గుయ్‌మంది. పలక బిగించి వచ్చేశాను.

తరవాత బడి హాలుకి వెళ్ళాను. రికార్డింగు గదికి వెళ్ళాను. సంతవీధి చివర నాటకాల కొట్టానికి వెళ్ళాను. ప్రతిచోటా అదే ముడి. నా బోర్డు ఎక్కడుందో అక్కడ ఆమె శిష్యుడు ఉన్నాడు. శిష్యుడు ఎక్కడున్నాడో అక్కడ పచ్చతీగ తెగి ఉంది. కొట్టంలో పనిచేసే పిల్లకి ఎడమ మోచెయ్యి తిమ్మిరిగా ఉంటోందట. "నరాల బలహీనతండీ, టానిక్కు తాగుతున్నా" అంది. అన్నిచోట్లా కలిపాను. ఏమీ చెప్పలేదు.

నిన్న మళ్ళీ హాలుకి వెళ్ళాను. హమ్ లేదు.

పొడుగు స్టేజి మీద స్టాండ్లు బిగిస్తున్నాడు. "పచ్చతీగ ఎవరు తీశారు?" అన్నాను.

"నేనేనండీ. సోమవారం ఆన్ చేస్తే తేనెటీగల పట్టు కదిలినట్టుంది. చూస్తే తీగ కలిసుంది. కలిసుండకూడదు కదా."

"ఎందుకు కలిసుండకూడదు?"

నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుని నవ్వాడు. "టీచర్ చివరగా నేర్పిన పాఠం సార్ అది. టీచర్ సభలో హమ్ వస్తే టీచర్ ఊరుకుంటుందా? లేచి వచ్చి చెవి మెలేస్తుంది."

"ఆ తీగ లేకపోతే షాకు కొడుతుంది" అన్నాను.

"టీచరే తన చేత్తో చేసింది. టీచర్‌కేమైనా అయిందా సార్?"

మంచి పిల్లవాడు. ముఖంలో రవ్వంత కల్లాకపటం లేదు. నేను మెట్లు దిగి వచ్చాను. కమ్మీ పట్టుకోలేదు.

కొట్టానికి ఫోన్ చేశాను. అక్కడా తీసేశారు. బడిలోనూ.

చూశావు కదా. దొంగచాటుగా కలిపితే హమ్ వస్తుంది. హమ్ వస్తే వాళ్ళు మళ్ళీ తెంపుతారు. ఆమె మీద ప్రేమతో తెంపుతారు. కొత్త బోర్డు పెడితే ఎర్తు ఉండగానే హమ్ పోతుంది, పరీక్షించాను. కానీ ఇప్పటికి తయారైనది ఒక్కటి, ఆ హాలుకే రెండు కావాలి. అన్ని హాళ్ళకీ జతలు కుదర్చాలంటే ఆరు నెలలు పడుతుంది. ఈ ఆరు నెలలు వాళ్ళ చేతులు ఆ పెట్టెల మీదే ఉంటాయి.

చెప్పక తప్పదు.

బావ


ఇల్లు
శుక్రవారం

బావగారూ,

మీ ఉత్తరం మా ఆయన చదివి వినిపించాడు. నేను చదవలేకపోయాను.

మీ బోర్డుని ఎవరూ ఒక్క మాట అనకూడదని అక్క ఆ పని చేసింది. ఇప్పుడు మీరు సభలో నిలబడి, అందరూ ఆమె ఫోటోకి దండం పెడుతుంటే, ఆమె చేసింది తప్పని చెబుతారా? మీ పరువు తను కాపాడింది. తన పరువు మీరు తీస్తారా? ఆమె శిష్యుల ముఖాలు చూసి ఎలా చెబుతారు? ఆ పొడుగు తన చేత్తో మెయిన్ ఆపాడు. ఆమె పిలుస్తుంటే "వస్తున్నా టీచర్" అన్నాడు. ఈ మాట తెలిస్తే వాడు బతుకుతాడా?

ఏదో ఒక అబద్ధం చెప్పండి. కొత్త చట్టం వచ్చిందనండి. ఇన్‌స్పెక్షన్ ఉందనండి. మీకు తెలియని మాటలా?

నిజమే చెప్పేటట్టయితే మేం రాం. అమ్మాయి పాడదు. ఇది కోపంతో అనడం లేదు. నాకు అక్క ఒక్కతే.

మీ జవాబు ఈ ఉత్తరం తెచ్చే బస్సు డ్రైవరు చేతికే ఇచ్చి పంపండి. పోస్టు అందదు.

పిచ్చుక


మేడ మీది గది
శనివారం మధ్యాహ్నం

పిచ్చుకా,

డ్రైవరు కింద ఆగి ఉన్నాడు. పొట్టిగా రాస్తాను.

అబద్ధం ఆలోచించాను. ఇన్‌స్పెక్షన్ అంటే ఇన్‌స్పెక్షన్ రోజు కలిపి మర్నాడు తెంపుతారు. చట్టం అంటే నవ్వుతారు. వాళ్ళు వినేది ఒక్కరి మాట. ఆ ఒక్కరు లేరు. ఎందుకు లేరో చెబితే తప్ప వినరు.

పొడుగు సంగతి నేనూ ఆలోచించాను. అతను మెయిన్ ఆపకపోతే ఆమె చెయ్యి ఆ పెట్టెకి అలాగే పట్టేసి ఉండేది. పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకునే మొదటివాడు అతనే అయ్యేవాడు. అప్పుడు ఇద్దరు పోయేవాళ్ళు. అది కూడా అతనికి చెబుతాను. ముందు అదే చెబుతాను.

పరువు అన్నావు. మీ అక్కకి పనిలో ఒక పద్ధతి ఉండేది. ఏ శిష్యుడైనా పొరపాటు చేస్తే పక్కకి పిలిచి చెప్పేది కాదు. అందరి ముందే చెప్పేది. "వీడు చేసింది మీరంతా చెయ్యకూడదుగా, అందుకని" అనేది. ఎవరూ చిన్నబుచ్చుకునేవారు కాదు. ఆమెకొక పద్ధతి, శిష్యులకొక పద్ధతి పెడితే ఆమే ఒప్పుకోదు.

నా బోర్డు వల్ల హమ్ వచ్చిందనీ చెబుతాను. తిట్టుకుంటే తిట్టుకోనీ. ఆ తిట్లు ఆమె మోసింది చాలు.

డాక్టరు కాగితం మీద గుండె బలహీనం అని ఉంది. ఇంతమందిలో ఒక్కరూ కాదనలేదు, నేనూ కాదనలేదు. మీ అక్క గుండెకి ఏ జబ్బూ లేదు. ఆ మాట ఆమె తరపున ఎవరో ఒకరు అనాలి.

మీరు రాకపోతే అర్థం చేసుకుంటాను. వస్తే అమ్మాయి పాడే మైకు నేను బిగిస్తాను. సభ అంతా హమ్ వస్తుంది. పాట వెనకాల గుయ్‌మంటూనే ఉంటుంది. దానికి చెప్పి ఉంచు, అది వినిపిస్తున్నంతసేపు భయం లేదని.

రేపు ఉదయం హాలు తలుపులు తీసేసరికి నేను అక్కడ ఉంటాను. మెయిన్ ఆపి, స్విచ్ బోర్డుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాను. ఆమె శిష్యులు తొమ్మిదిమందినీ స్టేజి మీద కూర్చోబెట్టి మొదటి నుంచీ చెబుతాను. చెప్పడం అయ్యాక మిక్సరు పలక విప్పి, పచ్చతీగ పొడుగు చేతికిస్తాను. స్క్రూ అతని చేతే బిగింపిస్తాను.

బావ